బీడీఎస్ చేసి ఫ్లోరిడా వచ్చాను. డెంటల్ హైజీనిస్ట్ (డెంటిస్టు దగ్గర పళ్లు, చిగుళ్లు శుభ్రం చేసే ఉద్యోగం) లైసెన్స్ పరీక్షకి ఏ పుస్తకం చదవాలి, ఎన్ని నెలలు పడుతుంది?

పుస్తకం సంగతి తర్వాత. ముందు మీలోని డాక్టర్‌ని కాసేపు బయట కూర్చోబెట్టండి. మనవాళ్లు ఈ పరీక్ష పోగొట్టుకునేది సబ్జెక్ట్ రాక కాదు, ఎక్కువ వచ్చి.

నా లైసెన్స్ వచ్చాక, ఖమ్మంలో సొంత క్లినిక్ నడిపిన ఒకమ్మాయి చదువుకోవడానికి మా ఇంటికి వచ్చేది. ఒక ఆదివారం టీ తాగుతూ కేసు చదివి వినిపించాను. యాభై ఎనిమిదేళ్లాయన, షుగర్ ఉంది, వెనక పళ్ల దగ్గర చిగురు పంటిని వదిలేసి ఆరు మిల్లీమీటర్ల లోతు పాకెట్లు, ముట్టుకుంటే రక్తం, బీపీ 190/114. ఇవాళ ఏం చేస్తావు?

"మత్తిచ్చి రూట్ ప్లానింగ్ మొదలుపెడతానక్కా, కుడివైపు నుంచి" అంది, బిస్కెట్ టీలో ముంచుతూనే.

"బీపీ ఎంతన్నాను?"

బిస్కెట్ టీలో పడిపోయింది. రూట్ ప్లానింగ్ అంటే చిగురు కింద పంటి వేరుని గీకి శుభ్రం చేయడం; ఆ బీపీకి ఇవాళ పళ్ల జోలికే వెళ్లకూడదు. కాసేపాగి మళ్లీ చూడాలి, తగ్గకపోతే డెంటిస్టుకి చెప్పి ఫిజీషియన్ దగ్గరికి పంపాలి. "అక్కడైతే నేనే చూసుకునేదాన్ని కదా" అని మూతి ముడుచుకుంది. అదే మరి! ఇక్కడ మనం చూసుకునేవాళ్లం కాదు, చూసి చెప్పేవాళ్లం. ఆప్షన్లలో వైద్యం చేసేదీ, పంపించేదీ రెండూ ఉంటే మన చెయ్యి వైద్యం మీదికే పోతుంది.

లైసెన్స్‌కి రాసే రాత పరీక్ష పేరు నేషనల్ బోర్డు, అందులో మొత్తం 350 ప్రశ్నలు. వాటిలో 150 ఇలాంటి కేసుల మీదే: హెల్త్ హిస్టరీ, పళ్ల చార్టింగ్, ఎక్స్‌రేలు ముందుపెట్టి అడుగుతారు. మిగతా 200 విడి ప్రశ్నలు. మనవాళ్లు ఆ రెండొందలకే రాత్రింబవళ్లు బట్టీ కొట్టి, కేసుల్ని ఆఖరి వారానికి వదిలేస్తారు. టెలిగ్రామ్ గ్రూపుల్లో "గుర్తున్న ప్రశ్నలు" అని తిరిగే పీడీఎఫ్‌ల గురించి నన్ను మాట్లాడించొద్దు. సగం జవాబులు తప్పు, పైగా వాటిని డబ్బులకి అమ్ముతున్నారు.

కమ్యూనిటీ హెల్త్ మాత్రం మనకి కలిసొచ్చే భాగం. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు క్యాంపులకి వెళ్లినవాళ్లకి ఫ్లోరోసిస్ ఫొటో చూపించి డీన్స్ ఇండెక్స్‌లో (ఫ్లోరోసిస్ తీవ్రతని కొలిచే స్కేలు) ఎంత అని అడిగితే ఆలోచించే పనే లేదు. ఇక్కడి పిల్లలు పుస్తకంలో చూసింది మనం నల్గొండలో నోరు తెరిపించి చూశాం. అమెరికాలో నీళ్లలో కలపమనే ఫ్లోరైడ్ లీటరుకి 0.7 మిల్లీగ్రాములు, అది ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు.

ఇక క్లినికల్ పరీక్ష, అంటే చేత్తో పని చేసి చూపించేది. మన క్లినిక్కుల్లో పెడల్ తొక్కి అల్ట్రాసోనిక్ (గార వదలగొట్టే మిషను) ఆడించడమే కదా, చేత్తో పని ఎంతమంది చేశాం? గార గీకే చేతి పనిముట్లలో గ్రేసీ 11/12 వెనక పళ్ల మీసియల్‌కి (ముందు వైపు), 13/14 డిస్టల్‌కి (వెనక వైపు). ఈ ముక్క అందరికీ వచ్చు. ఉంగరం వేలు పంటి మీద ఆనించి, మణికట్టు తిప్పుతూ గార లాగడమే రాదు, వేళ్లతో గీకుతాం. టైపోడాంట్ (ప్లాస్టిక్ పళ్ల నమూనా) ఒకటి కొనుక్కుని, టీవీ చూస్తూ అయినా రోజూ చెయ్యండి. చెయ్యి దానంతటదే తిరగాలి.

మా అత్తగారి చెల్లెలు ఇప్పటికీ ఫోన్లో "డాక్టర్ చదివి పళ్లు కడిగే ఉద్యోగమేంటమ్మా" అంటుంది. విదేశీ డెంటిస్టుని మళ్లీ డెంటల్ స్కూల్‌కి పంపకుండా నేరుగా హైజీన్ పరీక్షకి కూర్చోనిచ్చే దారి ఫ్లోరిడాలో ఉంది. ఆ దారి కోసం వేరే రాష్ట్రాల నుంచి ఇల్లు మారి వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఆవిడకి ఇదంతా చెప్పడం మానేశాను.

పుస్తకం అంటారా, ఏదో ఒక రివ్యూ పుస్తకం, ఒకటే, రెండుసార్లు చదవండి. నెలలు అంటారా, చదువుకి నాలుగు చాలు. యూనివర్సిటీ నుంచి సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్ట్ బయటికి రావడానికి మాత్రం నేను లెక్క చెప్పలేను. నాది ఒక గుమాస్తా సెలవు మీద వెళ్లాడని బీరువాలోనే ఉండిపోయింది. ఊళ్లో తమ్ముడో బావో ఖాళీగా ఉంటే ఇవాళే ఫోన్ చేసి అక్కడికి పంపండి.