పిల్లతో ఒంటరిగా ఇంగ్లండ్ వచ్చాను: ఉద్యోగం దొరికింది, మూడుంబావుకి బడి దగ్గర నిలబడే మనిషే దొరకలేదు

విడాకులయ్యాయి, ఐదేళ్ల బాబున్నాడు, నర్సింగ్ చేశాను, వాణ్ణి తీసుకుని యూకే వెళ్తే ఉద్యోగం చేసుకుంటూ బతకగలనా అని మీరు అడిగారు. నాదీ ఇదే కథ. మీకు బాబు, నాకు పాప, అంతే తేడా. మాది రాజమండ్రి. 2022 సెప్టెంబరులో ఇక్కడికొచ్చాను. బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో గంట ప్రయాణం చేస్తే వచ్చే ఊరు.

ఉద్యోగం గురించి చెప్పడానికి యూట్యూబ్ నిండా జనం ఉన్నారు. ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష, సీబీటీ అని కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష మన దగ్గరే రాసుకోవాలి. ఇక్కడికొచ్చాక ఓస్కీ అని ప్రాక్టికల్ పరీక్ష, 10 స్టేషన్లు. కష్టమే, కానీ కూర్చుని చదివితే గట్టెక్కే రకం కష్టం. మీరు అడగాల్సింది వేరే ఉంది. ఇక్కడ బడి మూడుంబావుకి వదిలేస్తారు. వార్డులో మీ డ్యూటీ పొద్దున ఏడున్నరకి మొదలై రాత్రి ఎనిమిదింటికి అవుతుంది. దాన్ని లాంగ్ డే అంటారు. ఈ మధ్యలో మీ బాబు ఎవరి దగ్గర ఉంటాడు? నన్నడిగితే వీసా కంటే ముందు దీనికి జవాబు వెతుక్కోండి. హైదరాబాద్‌లో నేను నైట్ డ్యూటీలు చేసిన ఆరేళ్లూ ఈ ప్రశ్న నాకు రాలేదు. అమ్మ ఉండేది, పక్కింటి పిన్నిగారు ఉండేది. వాళ్లు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మొదట నేనొక్కదాన్నే వచ్చాను. ఓస్కీ పాసై, ఇల్లు చూసుకుని, 2023 ఏప్రిల్లో వెళ్లి పాపని తెచ్చుకున్నాను. ఆ ఏడు నెలలూ పిల్లని వదిలేసి వెళ్లిందన్న మాట చుట్టాల్లో ఎంత దూరం వెళ్లాలో అంత దూరం వెళ్లింది. తండ్రి వెళ్తే ‘కష్టపడుతున్నాడు’, తల్లి వెళ్తే ‘వదిలేసింది’. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలెడితే ఆగను. అయినా మీకూ అదే చెప్తాను, ముందు మీరొక్కరే రండి. పరీక్ష, పిల్లాడు, చలి మూడూ ఒకేసారి పెట్టుకోకండి.

బడిలో సీటు కోసం కౌన్సిల్‌కి, అంటే మన మున్సిపాలిటీ లాంటిదానికి, దరఖాస్తు పెడితే ఇచ్చారు. ప్రభుత్వ బడి, ఫీజు లేదు, చిన్న క్లాసులకి మధ్యాహ్నం భోజనం కూడా ఉచితం. చేర్పించేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు. పేరు, పుట్టిన తేదీ, ఎలర్జీలు, అన్నీ నింపాను. చివర్లో మూడు గళ్లు. పాపకి ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి? మొదటి గడిలో నా పేరు రాశాను. రెండోది, మూడోది ఖాళీ. తండ్రి పేరు రాయనా? ఆయన విజయవాడలో ఉంటాడు, పాప పుట్టినరోజుకి ఫోన్ చెయ్యడు. ఆఫీసులో ఆవిడ ‘ఒక్కటైనా ఇంకోటి రాయండి’ అంది. రాజమండ్రిలో మా అమ్మ నంబరు రాసేశాను. ముందు ప్లస్ 91 అని చూసి కూడా ఆవిడ ఏమీ అనలేదు.

మే నెల మూడో వారం. వార్డులో మందుల రౌండులో ఉన్నాను. రౌండులో ఉన్నప్పుడు ఎవరూ కదిలించకూడదని ఎర్ర ఏప్రన్ ఒకటి కట్టుకుంటాం. ఫోన్ లాకర్లో ఉంది. బడిలో పాప వాంతి చేసుకుంది. వాళ్లు నాకు మూడుసార్లు చేశారు, ఎత్తలేదు. రెండో నంబరుకి చేశారు.

అక్కడ మధ్యాహ్నం మూడున్నర. మే నెల ఎండ, కరెంటు లేదు, అమ్మ వాకిట్లో తడిగుడ్డ వేసుకుని పడుకుంది. ఫోన్ ఎత్తితే ఇంగ్లీషు. అందులో అమ్మకి అర్థమైంది మనవరాలి పేరొక్కటే. మా అమ్మ ఐదో తరగతి. వచ్చిన రెండు మాటలూ కలిపి ‘డాటర్ డ్యూటీ, డాటర్ డ్యూటీ’ అందట. అవతలావిడకి అది ‘డాక్టర్ డ్యూటీ’ అని వినపడింది. నేనేదో ఆసుపత్రి నంబరు ఇచ్చాననుకుని, పాపకి ఎన్నిసార్లు వాంతి అయిందో, జ్వరం ఉందో లేదో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, ఇప్పుడేం చెయ్యమంటారు అని అడిగిందట. అమ్మ ‘ఎస్’ అంది.

ఆ ఎస్ తర్వాత ఫోన్ పెట్టేసి, కింద వాటాలో డిగ్రీ చదివే కుర్రాడి దగ్గరికి చెప్పులు లేకుండా పరిగెత్తింది. మెట్ల మీద కాళ్లు కాలి బొబ్బలెక్కాయని నాకు నెల తర్వాత తెలిసింది. ఆ కుర్రాడు తిరిగి బడికి చేస్తే అతని ఫోన్లో విదేశాలకి చేసే సౌకర్యం లేదు. ఇక వాట్సాప్‌లో నాకు మొదలుపెట్టారు. పన్నెండున్నరకి లాకర్ తెరిస్తే పదిహేడు మిస్డ్ కాల్స్. మొదటి వాయిస్ మెసేజ్‌లో అమ్మ ఏడుపు. ‘అమ్మాయ్, ఎవరో దొరసాని చేసింది, చిన్నిదానికి ఏదో అయిందే, నువ్వెక్కడున్నావే’ అంటోంది.

వార్డ్ మేనేజర్‌కి చెప్తే ‘ఇంకా ఇక్కడే ఉన్నావేంటి, వెళ్లు’ అంది. ఇలాంటప్పుడు డ్యూటీ మధ్యలో వెళ్లే హక్కు చట్టంలోనే ఉంది, జీతం ఇస్తారన్న గ్యారంటీ మాత్రం లేదు. ట్యాక్సీకి 14 పౌండ్లు. వెళ్లేసరికి పాప ఆఫీసు గదిలో ఒళ్లో పసుపురంగు బకెట్ పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి అడిగిన మొదటి మాట ‘అమ్మా, వీళ్లు అమ్మమ్మని ఎందుకు పిలిచారు? అమ్మమ్మ ఎలా వస్తుంది?’

అయిపోలేదు. వాంతులు పూర్తిగా ఆగి 48 గంటలు గడిచేదాకా పిల్లని బడికి పంపకూడదు. వార్డుకి వచ్చే చుట్టాలకి ఈ నియమం రోజూ చెప్పేది నేనే. కాబట్టి బడివాళ్లతో వాదించే మొహం కూడా నాకు లేదు. రెండు లాంగ్ డేల జీతం పోయింది. అప్పట్లో బ్యాండ్ 5లో, అంటే నర్సుల మొదటి మెట్టులో, కొత్తగా చేరినవాళ్ల జీతం ఏడాదికి 28,407 పౌండ్లు. కోతలు పోగా నెలకి నా చేతికి వచ్చేది 1,750 చుట్టుపక్కల. ఒక బెడ్‌రూమ్ ఇంటికి అద్దె 750. మా వీసా మీద చైల్డ్ బెనిఫిట్ లాంటి ప్రభుత్వ సాయాలు రావు. ఇక్కడి పౌరులైన సింగిల్ మదర్స్‌కి వచ్చే డబ్బులు చూసి లెక్కలు వేసుకోకండి.

చైల్డ్‌మైండర్లు అని ఉంటారు, తమ ఇంట్లోనే పిల్లల్ని చూసుకునేవాళ్లు. ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థలో రిజిస్టర్ అయినవాళ్ల జాబితా కౌన్సిల్ ఇస్తుంది. పదకొండు మందికి ఫోన్ చేశాను. పదిమంది ఏడున్నరకి ముందు తలుపు తియ్యం అనేశారు. నేను ఏడున్నరకి వార్డులో ఉండాలి కదా! పదకొండో ఆవిడ ఆరుముప్పావుకి సరే అంది, గంటకి ఐదున్నర పౌండ్లు. ఆవిడ దొరికాకే నాకు నిజంగా ఉద్యోగం దొరికినట్టు లెక్క.

ఇక ఇల్లు. నా కోపం ఇక్కడ కాస్త కక్కుకుంటాను. మొదట ఒక తెలుగువాళ్లింట్లో రెండు గదులున్నాయంటే వెళ్లాను. టీ ఇచ్చారు, ఏ ఊరన్నారు, కొవ్వూరులో మాకూ చుట్టాలున్నారన్నారు, అంతా బాగానే ఉంది. ‘మీ ఆయన ఎప్పుడొస్తారు?’ అన్నారు. రారు అన్నాను. మర్నాడు మెసేజ్: ‘సారీ అండీ, ఫ్యామిలీకే ఇద్దామనుకుంటున్నాం.’ నేనూ నా కూతురూ ఫ్యామిలీ కాకపోతే మరేంటో! చివరికి ఇల్లిచ్చింది ముక్కూమొహం తెలియని పంజాబీ సర్దార్జీ. జీతం కాగితం చూశాడు, అంతే. డిపాజిట్ మాత్రం ఐదు వారాల అద్దె కంటే ఎక్కువ అడిగితే ఇవ్వకండి, ఇంగ్లండ్‌లో 2019 నుంచి దానికి చట్టం ఉంది.

మీకు కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసే ఉంటారు. ‘నర్సు పరీక్షలెందుకు మేడం, కేరర్ వీసా మీద వెళ్లిపోండి, పన్నెండు లక్షలు’ అంటారు. కేరర్ అంటే ముసలివాళ్లనీ జబ్బుమనుషుల్నీ చూసుకునే పని. వినకండి. 2024 మార్చి 11 నుంచి కొత్తగా కేరర్ వీసా తీసుకున్నవాళ్లు పిల్లల్ని తెచ్చుకోవడానికి లేదు. 2025 జూలై 22 నుంచి బయటి దేశాలవాళ్లకి ఆ దారే మూసేశారు. ఇంకా అమ్ముతున్నారంటే గాలి అమ్ముతున్నట్టే. నర్సులకి పిల్లల్ని తెచ్చుకునే వీలుంది, కానీ మమ్మల్ని తీసుకున్నప్పటి జోరు ఇప్పుడు లేదు. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా అక్కడి ఉద్యోగానికి రాజీనామా చెయ్యకండి.

కాగితాల సంగతి: బాబు పాస్‌పోర్టుకి తండ్రి సంతకం దొరక్కపోతే అనెగ్జర్ సీ అనే డిక్లరేషన్ మీరొక్కరే ఇవ్వొచ్చు. కౌంటర్లో అబ్బాయి కాదంటే పైవాళ్లతో మాట్లాడండి, నేను అలాగే చేయించుకున్నాను. యూకే వీసాకి మాత్రం పిల్లాడి బాధ్యత మొత్తం మీదేనని చూపించాలి. కోర్టు ఆర్డరు ఒక్కటే చాలదనుకుని నేను స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, డాక్టర్ చీటీలు, ఎక్కడెక్కడ నా సంతకం ఉందో అన్నీ పెట్టాను. ఆయన చేత వంద రూపాయల స్టాంపు పేపరు మీద అభ్యంతరం లేదని కూడా రాయించాను. దానికి నాలుగు నెలలు తిరిగాను. మీరు ఇవాళే మొదలుపెట్టండి.

ఇప్పుడు నేను వార్డులో లేను, ఓపీ క్లినిక్‌కి మారాను. ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర, శని ఆదివారాలు సెలవు. వార్డులో రాత్రులకీ శనివారాలకీ 30 శాతం, ఆదివారాలకి 60 శాతం అదనంగా వచ్చేది, అది పోయింది. బాధగానే ఉంటుంది నెలాఖర్లో. కానీ బడిలో ఆఫ్టర్ స్కూల్ క్లబ్బు ఆరింటిదాకా ఉంది, నేను ఐదుంబావుకల్లా గేటు దగ్గరుంటాను.

బడి ఫారంలో ఆ గళ్లు కూడా నిండాయి. రెండోది నాతో పనిచేసే కొట్టాయం అమ్మాయి. మూడోది పై ఫ్లాటులో ఉండే గుజరాతీ బా, అంటే బామ్మగారు. 1972లో ఈదీ అమీన్ వెళ్లగొడితే ఉగాండా నుంచి ఒక పెట్టెతో వచ్చిందట. నా హైదరాబాదీ హిందీ, ఆవిడ గుజరాతీ హిందీ ఒకదానికొకటి సరిగ్గా అర్థం కావు. పాపకి మాత్రం ఇద్దరివీ అర్థమవుతాయి. వార్డు ల్యాండ్‌లైన్ నంబరు కూడా బడివాళ్లకి రాసిచ్చాను. ఆ పని మొదటి రోజే చెయ్యాల్సింది, తట్టలేదు.

అమ్మ నంబరు తీసేయించాను. ఆ సంగతి తనకి చెప్పలేదు. కింద వాటా కుర్రాడి చేత ‘షీ ఈజ్ ఎట్ వర్క్, ప్లీజ్ కాల్ ద వార్డ్’ అని తెలుగు అక్షరాల్లో రాయించుకుని క్యాలెండర్ పక్కన గోడకి అంటించుకుంది. క్రెడిట్ కార్డు కావాలా అని ఎవరు ఇంగ్లీషులో ఫోన్ చేసినా ముందు అదే అప్పజెప్తోందట.