ప్రార్థనలో బుద్ధి పని ఎంతవరకు?

ప్రశ్న: తపస్సుకాల వడకంలో (ధ్యానకూటంలో) ఒక ఫాదర్‌గారు "తలతో కాదు, గుండెతో ప్రార్థించండి" అన్నారు. నేను లెక్కల టీచర్ని. వాక్యం చదవగానే ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలే ముందుకొస్తాయి. బుద్ధిని పక్కన పెట్టేయాలా?
– ఒక పాఠకురాలు, ఫిరంగిపురం

జవాబు: పెట్టకండి. దేవుణ్ణి ప్రేమించమన్న మొదటి ఆజ్ఞలోనే "నీ పూర్ణ మనస్సుతో" అని ఉంది (మత్తయి 22:37). ఆలోచన దగ్గరే ప్రార్థన ఆగిపోకూడదని ఫాదర్‌గారి ఉద్దేశమై ఉంటుంది. ఆ మాట నిజం. అయితే ఆలోచనే లేకుండా మొదలుపెడితే గుండెకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

పునీత ఇగ్నాసివారు (మన ఊళ్లలో ఇన్నాసి, ఇన్నయ్య అన్న పేర్లు ఆయనవే) తన 'ఆధ్యాత్మిక సాధనలు' పుస్తకంలో దీనికొక వరుస పెట్టారు. 1548లో మూడో పౌలు పోపుగారు ఆమోదించిన సాధనలివి. ముందు జ్ఞాపకం సంగతిని తెచ్చి ఎదుట పెడుతుంది. తర్వాత బుద్ధి దాన్ని తిరగేసి చూస్తుంది. ఆ చూసినదాన్ని బట్టి చిత్తం కదులుతుంది. చివర ప్రభువుతో, స్నేహితుడితో మాట్లాడినట్టు సంభాషణ. ఆయన పెట్టిన కాలం గంట. ఇంట్లో అరగంట చాలు.

మార్కు 10:46–52, గుడ్డి బర్తిమయి ఘట్టం తీసుకోండి. కూర్చునే ముందు ఒక పరలోక జపం (యేసు నేర్పిన 'మా తండ్రీ' ప్రార్థన) పట్టేంత సేపు నిలబడి, దేవుడు నన్ను చూస్తున్నాడని తలుచుకోండి. కూర్చుని రెండుసార్లు నిదానంగా చదవండి. ఇక మీ 'ఎందుకు'లను వదలండి. పది నిమిషాలు, అంతకు మించొద్దు. గుడ్డివాడికి ఏం కావాలో చూస్తేనే తెలుస్తుంది కదా, "నేను నీకేమి చేయాలి?" అని ప్రభువు ఎందుకు అడిగారు? కాస్త పైకి వెళ్లండి. 36వ వచనంలో యాకోబు, యోహానులను కూడా ఇదే అడిగారు. వాళ్లు కుడిఎడమల ఆసనాలు కోరారు. ఇతను చూపు కోరాడు. ఇంకొకటి: లేస్తూ పైబట్ట విసిరేశాడని మార్కుగారు ప్రత్యేకంగా రాశారు. పేదవాడి పైబట్టను కుదువబెట్టుకుంటే సూర్యాస్తమయానికల్లా తిరిగివ్వాలని నిర్గమకాండం 22వ అధ్యాయం చెబుతుంది, రాత్రికి అతనికి కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే కాబట్టి. ఉన్న ఒక్క ఆసరానూ వదిలి లేచాడన్నమాట.

బుద్ధి ఇక్కడిదాకా తెచ్చింది. ఇక ప్రశ్న మీ మీదికి తిరగాలి: ప్రభువు నన్నే అడిగితే నేనేం కోరతాను? నేను వదల్లేని పైబట్ట ఏది? ఏదో ఒకచోట మనసు ఆగుతుంది. అక్కడే ఆగండి, తర్వాతి వచనానికి పరుగెత్తొద్దు. ఎక్కువ తెలుసుకోవడం ఆత్మకు తృప్తినివ్వదు, లోలోపల రుచి చూడటమే ఇస్తుందని ఇగ్నాసివారు మొదట్లోనే చెప్పారు. చివరి పది నిమిషాలు ప్రభువుతోనే మాట్లాడి, పరలోక జపంతో ముగించండి. లేచాక ఐదు నిమిషాలు నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయండి: ఎక్కడ మనసు కదిలింది, ఎక్కడ జారిపోయింది.

బోధించేవాళ్లకు, ఉపదేశులకు ముఖ్యంగా, ఒక ప్రమాదం ఉంది. మంచి భావం తట్టగానే "ఇది పిల్లలకు చెప్పాలి" అనుకుంటారు, ఇక మిగిలిన సమయమంతా పాఠం తయారవుతూ ఉంటుంది. అలా తోచినప్పుడు ఆ మాటను బుక్కులో ఒక పదంగా రాసి మూసేయండి. దాన్ని గట్టిగా తోసేయబోతే ఇంకా అంటుకుంటుంది. ధ్యానం పొడిగా ఉన్న రోజు ముందే లేవకండి. ఇగ్నాసివారైతే అలాంటి రోజు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే కూర్చోమంటారు.

ప్రశ్న: వేదశాస్త్రం చదివేకొద్దీ ప్రశ్నలు పెరుగుతున్నాయి. దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరరక్తాలుగా స్వీకరించే అప్పద్రాక్షారసాలు) గురించి కూడా. పాపసంకీర్తనంలో (గురువు ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు) చెప్పాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: "ఇది ఎలా సాధ్యమో నాకు అంతుపట్టడం లేదు" అనడం వేరు, "ఇది నిజమని నేను ఒప్పుకోను" అనడం వేరు. పదివేల చిక్కులు కలిసినా ఒక్క సందేహం కాదన్న పునీత న్యూమన్‌గారి మాటను శ్రీసభ (కతోలిక సంఘం) తన బోధల గ్రంథమైన సత్యోపదేశం 157వ పేరాలో ఉటంకించింది. 2088వ పేరా కోరి పెంచుకున్న సందేహాన్ని, కోరకుండా వచ్చిన తడబాటును విడదీస్తుంది. మీరు రాసింది రెండోదిలా ఉంది. కోరకుండా వచ్చిన ప్రశ్న పాపం కాదు. దాన్ని పట్టించుకోకుండా ఏళ్ల తరబడి మురగబెడితే మాత్రం అది మొదటిదానివైపు జరుగుతుంది.

దేవుని వరప్రసాదం చిత్తాన్ని కదిలిస్తే, ఆ చిత్తం ఆజ్ఞ మేరకు బుద్ధి దైవసత్యానికి ఇచ్చే సమ్మతే విశ్వాసమని పునీత తోమస్ అక్వినాస్ వారి వివరణ. సమ్మతించేది బుద్ధే. అందుకే దానికి ప్రశ్నలు రావడం సహజం. రుజువైతేనే నమ్మాలన్న షరతు మాత్రం లేదు.

ముందు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. సగం చిక్కులు అక్కడే పలచబడతాయి. తర్వాత శ్రీసభ ఆ విషయంలో అసలేం చెబుతోందో చూడండి. దివ్యసత్ప్రసాదం గురించైతే సత్యోపదేశంలో 1373 నుంచి 1381 దాకా తొమ్మిది పేరాలే, ఒక సాయంత్రం పని. చాలామంది పోట్లాడేది శ్రీసభ చెప్పని మాటతో. అప్పటికీ మిగిలితే చదువుకున్న గురువులెవరినైనా కలవండి. ఆ ప్రశ్నను దివ్యసత్ప్రసాద ఆరాధనకు తీసుకెళ్లి అక్కడ వాదం పెట్టుకోకండి. అక్కడ "ప్రభూ, నాకిది తెలియడం లేదు" అంటే చాలు. పూజకు వెళ్లడం మాత్రం మానొద్దు.

ప్రశ్న: కొన్ని నెలలుగా ధ్యానంలో ఏమీ ఆలోచించలేకపోతున్నాను. ఊరికే కూర్చోవాలనిపిస్తోంది. ఇది సోమరితనమా?
– ఒక మఠకన్య

జవాబు: ఆలోచనతో చేసే ధ్యానాన్ని వదిలి నిశ్శబ్ద ప్రార్థనకు మారే వేళ వచ్చిందనడానికి పునీత సిలువ యోహానుగారు మూడు గుర్తులు చెప్పారు: ఒకటి, మునుపటిలా ధ్యానించలేకపోవడం, అందులో రుచి లేకపోవడం; రెండు, వేరే వస్తువుల మీద కూడా మనసు పెట్టాలనిపించకపోవడం; మూడు, దేవుని పట్ల ప్రేమతో, ఏకాంతంగా, నిశ్శబ్దంగా ఉండాలనిపించడం. మూడూ కలిసి ఉండాలి. మొదటిది ఒక్కటే ఉండి మనసు ఫోను మీదికో, వంటింటి లెక్కల మీదికో పోతుంటే అది పరధ్యానం. అలాంటప్పుడు పుస్తకం తెరవండి. ఆవిలాపురి తెరేసమ్మగారు కూడా ఏళ్ల తరబడి పుస్తకం చేతిలో లేనిదే ప్రార్థనకు కూర్చోలేదు. మొదటి రెండే ఉండి మూడోది లేకపోతే అది దిగులు కావచ్చు. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో చూసుకోండి, అవసరమైతే డాక్టరుకు చూపించుకోండి. మూడూ ఉంటే బుద్ధిని బలవంతంగా పనిలోకి దించొద్దు. ఎటుచూసినా ఇది ఒంటరిగా తేల్చుకునే విషయం కాదు, మీ ఆధ్యాత్మిక గురువుకు చెప్పండి.

ప్రశ్న: మా అమ్మమ్మకు చదువు రాదు, జపమాలే ఆమె ప్రార్థన. ఈ బుద్ధి సంగతులు ఆమెకు ఎలా వర్తిస్తాయి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: బుద్ధి అంటే చదువు కాదు. దేవరహస్యాన్ని (ప్రతి పది పూసలకు తలుచుకునే క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టాన్ని) తలుచుకోకుండా చెప్పిన జపమాల ఆత్మ లేని దేహమని ఆరో పౌలు పోపుగారు 1974లో రాశారు. ఆ తలుచుకోవడమే బుద్ధి పని. చాలామంది అమ్మమ్మలు దాన్ని మనకంటే బాగా చేస్తారు. ఒక సాయం చేయండి: ప్రతి పది పూసలకు ముందు ఆ రహస్యంలోని ఒక్క వస్తువును పేరుపెట్టి చెప్పి, రెండు ఊపిరుల సేపు ఆగండి. జన్మ రహస్యానికి పశువుల తొట్టి, సిలువ మోసే రహస్యానికి కురేనే సీమోను భుజం. తర్వాతి రహస్యానికి ఆమెనే చెప్పమనండి.