అరకు కాఫీ అనంతపురంలో చప్పగా ఎందుకుంటోంది?

తెప్పించుకున్న అరకు కాఫీ చప్పగా, మట్టి రుచితో ఉంటోందని, డికాక్షన్ పలుచగా వస్తోందని అనంతపురం నుంచి మీరు రాశారు. తప్పు పొడిది కాదు, మీ బోరు నీళ్ళది. గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందని మీరే రాశారు. ఆ కఠిన జలంలోని బైకార్బొనేట్లనే లవణాలు, అరబికా రకం కాఫీకి ప్రాణమైన పులుపును చంపేస్తాయి. మిగిలేది మీరన్న మట్టి రుచే.

అందరూ పొడి మారుస్తారు, పాలు మారుస్తారు, చివరికి ఫిల్టరూ మారుస్తారు. నీళ్ళ జోలికి మాత్రం పోరు. కడపలో నేనూ రెండు పొట్లాలు పాడుచేశాకే మేలుకున్నాను.

1. అదే పొడి, అదే కొలతతో రెండు గ్లాసులు చేయండి: ఒకటి బోరు నీళ్ళతో, ఒకటి క్యాన్ నీళ్ళతో. పాలు, చక్కెర వేయకుండా రుచి చూడండి. తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

2. మరిగిన నీళ్ళను అర నిమిషం ఆగి పోయండి.

3. ముందు పొడి తడిసేంత పోసి, అర నిమిషం తర్వాత మిగతావి.

డికాక్షన్ పలుచగా ఉందన్నారు. మీరు తెప్పించినది గిరిజన రైతుల సహకార సంఘం వారి అచ్చమైన అరబికా, అందులో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) లేదు. మనకు అలవాటైన ఆ నల్లటి చిక్కదనం చాలావరకు చికోరీ చలవే. చిక్కగా కావాలంటే ఇంకో చెంచా పొడి వేయండి, నీళ్ళు తగ్గించకండి.