ఆత్మ, స్వర్గం, తలరాత మీద వాదనలో ఎవరైనా గెలవడం మీరు చూశారా?

చూడలేదు. కానీ చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఈ వాదనే వింటూ పెరిగాను కాబట్టి, అది ఎక్కడెక్కడ దారి తప్పుతుందో చెప్పగలను.

మాది విజయవాడ. నాన్న సంధ్యావందనం చేయనిదే కాఫీ ముట్టని మనిషి. బాబాయి కాలేజీ రోజుల నుంచి నాస్తిక కేంద్రం సభలకు తిరిగినవాడు. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి, 1947లో బెజవాడకు మార్చిన కేంద్రం అది. ఆదివారం టిఫిన్లయ్యాక అన్నదమ్ములిద్దరూ వరండాలో కూర్చుంటే, రెండోసారి కాఫీ ఇవ్వడానికి అమ్మ భయపడేది. ఇస్తే ఇంకో గంట పొడిగిస్తారని.

ఇంగ్లీషు వీడియోల్లో ఈ చర్చకు ఒక వరస ఉంటుంది. "దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, పాపం చేస్తే బాధ్యత మనిషిదే" అని భక్తుడంటాడు. "స్వేచ్ఛా లేదు ఏమీ లేదు, అంతా మెదడులో రసాయనాలే" అని ఎదుటివాడంటాడు. మా వరండాలో ఇది తలకిందులు. "నుదుట రాసింది తప్పుతుందా" అనేది నాన్న. "రాతా లేదు గీతా లేదు, నీ బతుకు నీ చేతిలోనే ఉంది" అనేది బాబాయి. గోరా చెప్పిన నాస్తికత్వమూ అదే కదా. దేవుడు లేడని ఊరుకోలేదాయన. కాబట్టి మనిషి స్వతంత్రుడు, తన పనికి తానే బాధ్యుడు అన్నారు.

మొన్న సంక్రాంతికి బాబాయి కొడుకు వచ్చి ఈ లెక్కంతా చెడగొట్టాడు. 1983లో బెంజమిన్ లిబెట్ అనే మెదడు శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగం గురించి ఎక్కడో చదివాడట. ఇష్టం వచ్చినప్పుడు మణికట్టు కదపండి అని మనుషులకు చెప్పి, మెదడులో విద్యుత్ సంకేతాలు కొలిచారు. కదపాలన్న కోరిక వాళ్లకు తెలియడానికి సుమారు 350 మిల్లీసెకన్ల ముందే మెదడులో సన్నాహం మొదలైపోయింది. "మనం అనుకునేలోపే మెదడు పని మొదలెట్టేసింది. ఇంక స్వేచ్ఛ ఎక్కడుంది?" అన్నాడు వాడు.

నాన్న ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పేదీ అదేరా, నుదుటి రాత! నుదురు వెనకాలే కదా మెదడుండేది!"

బాబాయి సొంత కొడుకు మీదే ఎగిరాడు. "చెయ్యి ఆడించడానికీ, కట్నం వద్దని చెప్పడానికీ ఒకటే లెక్కా?" నా ఓటు ఇక్కడ బాబాయికే. పైగా ఆ సంకేతం నిర్ణయం కాకపోవచ్చని, మెదడులో ఊరికే హెచ్చుతగ్గులయ్యే అలజడి ఒక హద్దు దాటడమే కావచ్చని 2012లో మరికొందరు పరిశోధకులు వాదించారు.

స్వర్గం సంగతి చెప్పాలంటే, నమ్మేవాళ్లకే ఒకరి స్వర్గం ఇంకొకరికి పనికిరాదు. పక్కింటి మాస్టారు చర్చికి వెళతారు, ఆయన స్వర్గం శాశ్వతం. నాన్నది గీతలో తొమ్మిదో అధ్యాయం: పుణ్యం అయిపోగానే మళ్లీ భూమ్మీదకి దిగాల్సిందే. "లాడ్జి గదిలాగా" అంటాడు బాబాయి.

ఇక ఆత్మ. కఠోపనిషత్తు కథలో, చనిపోయినవాడు ఉంటాడా లేడా అని నచికేతుడు అడిగితే, దేవతలకే ఇది సందేహం, ఇంకో వరం కోరుకోమని ముందు యముడే దాటవేశాడు. ఈ కథ చెప్పేది నాన్నే, మురిసిపోయేది మాత్రం బాబాయి.

నాన్నమ్మ పదో రోజున కృష్ణ ఒడ్డున పిండం పెట్టి గంటైనా కాకి ముట్టలేదు. "పొద్దుటి నుంచి నాలుగు కుటుంబాల వాళ్లు పెట్టారు, వాటి కడుపు నిండింది" అన్నాడు బాబాయి. పోయినవాళ్ల మనసులో ఏదైనా దిగులుంటే, ఇది మేం చూసుకుంటాం అని మాటిస్తే కాకి ముడుతుందని మావైపు నమ్మకం. ఆమె దిగులేమిటో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. కాసేపటికి బాబాయే విస్తరి దగ్గరికి వెళ్లి, ఎవరికీ వినపడనట్టు, "చెల్లాయి సంగతి నేను చూసుకుంటాలే అమ్మా" అన్నాడు.

అప్పుడూ కాకి రాలేదు. పిండం నీళ్లలో వదిలేసి వచ్చేశాం.

అప్పటి నుంచి బాబాయి ప్రతి నెలా గుడివాడ వెళ్లి అత్త ఇంటి అద్దె కట్టి వస్తున్నాడు. "ఆత్మే లేదంటావు కదరా, మరి ఆ మాట ఎవరికిచ్చావు?" అని నాన్న ఇప్పటికీ అడుగుతారు.

"నువ్వు ఉందంటావు కదా అన్నయ్యా, మరి ఆ అద్దె నువ్వు కట్టవేం?" అంటాడు బాబాయి.