ఒకే డోసు, ఒకే తిండి.. అయినా షుగర్ ఎందుకిలా?

ప్రశ్న: మా పాపకు 17 ఏళ్లు. 11వ ఏట టైప్ 1 డయాబెటిస్ అన్నారు. మూడు పూటలా తిండికి ముందు రెగ్యులర్ ఇన్సులిన్, రాత్రి పడుకోబోయే ముందు రోజంతా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్ తీసుకుంటుంది. ఇంటర్ చదువుకు రోజూ బస్సులో విజయనగరం వెళ్లొస్తుంది. డోసు మారలేదు, తిండీ మారలేదు. అయినా ఒకరోజు పొద్దున్న 65 ఉంటే, మర్నాడు 260 చూపిస్తోంది. చాటుగా స్వీట్లు తింటున్నావా అని అడిగితే ఏడ్చేసింది. మొన్న జ్వరమొచ్చి ఏమీ తినకపోతే ఇన్సులిన్ ఆపేయమని మా అత్తగారు పట్టుబట్టారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట తేల్చేద్దాం. ఆపకూడదు. ఏమీ తినకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది, జ్వరంలో ఇంకా ఎక్కువ వదులుతుంది. టైప్ 1లో ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారు కాదు. గ్లార్జిన్ మానేస్తే ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. తిండికి ముందు వేసే డోసు ఎంత వేయాలో మీ డాక్టరుగారిని ఫోన్లో అడగండి. జ్వరం ఉన్నన్నాళ్లూ మూడు నాలుగు గంటలకోసారి షుగర్ చూడండి, కీటోన్ స్ట్రిప్‌తో మూత్రం పరీక్షించండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే తెల్లారనిద్దాం అనుకోకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోండి.

ఇక 65, 260 సంగతి. దీనికి స్వీట్లే కారణం కానక్కర్లేదు. మన ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ గ్రంథి క్షణక్షణం చూసుకుని చేసే పనిని మీ పాప రోజుకు నాలుగు సూదులతో నెట్టుకొస్తోంది. తేడాలు రాకుండా ఎలా ఉంటాయి? నెలసరి ముందు రోజుల్లో చాలామందికి పెరుగుతుంది. పరీక్షల బెంగకీ పెరుగుతుంది. సాయంత్రం బాగా ఆడితే ఆ రాత్రి తగ్గుతుంది, ఆట ఆపేశాక కూడా కండరాలు గంటల తరబడి గ్లూకోజు లాక్కుంటాయి మరి.

ఒకే తిండి అన్నారు. ఎంత? ఏ వేళకు? మన వైపు చోడి (రాగి) అంబలి షుగర్‌కు మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగిస్తారు. చోళ్లు మంచివే, కానీ మెత్తటి పిండిని జావ కాస్తే త్వరగా అరుగుతుంది, షుగర్ పెంచుతుంది. గ్లాసు మారితే లెక్కా మారుతుంది. రెగ్యులర్ ఇన్సులిన్ తిండికి సుమారు అరగంట ముందు వేసుకోవాలి. సూది వేసుకుని, బస్సు వచ్చేసిందని టిఫిన్ వదిలేసి పరుగెత్తిన రోజున దారిలోనే తగ్గిపోతుంది. మధ్యాహ్నం సూది కాలేజీలో వేసుకుంటోందా? నలుగురూ చూస్తారని ఆ డోసు ఎగ్గొట్టే ఆడపిల్లలు నా దగ్గరకు చాలామందే వస్తారు. గద్దించకుండా అడగండి, చెబుతుంది. ప్రిన్సిపాల్‌తో ఒక్కసారి మాట్లాడితే స్టాఫ్ రూమ్‌లో ఓ మూల దొరక్కపోదు.

ఈ రాత్రి ఇంకో పని చేయండి. పాప సూది వేసుకునే చోట, పొట్ట మీదా తొడ మీదా, వేళ్లతో మెల్లగా తడిమి చూడండి. ఎక్కడైనా కాస్త గట్టిగా, ఉబ్బెత్తుగా తగులుతోందా? ఒకేచోట పదేపదే పొడిస్తే కొవ్వు అలా గడ్డకడుతుంది, నొప్పి ఉండదని పిల్లలు మళ్లీ అక్కడే పొడుచుకుంటారు. ఆ కొవ్వు గడ్డలో పడిన ఇన్సులిన్ ఓ రోజు ఒంటికి పట్టదు, ఇంకో రోజు ఒక్కసారిగా పట్టేస్తుంది. 65, 260ల వెనక నేను మొదట అనుమానించేది దీన్నే. ఆ చోటు వదిలేసి, ప్రతిసారీ రెండు వేళ్ల దూరం జరుపుతూ వేసుకోమనండి. అయితే మంచి చోటికి మారినప్పుడు అదే డోసు ఎక్కువైపోవచ్చు. అందుకే డాక్టరుగారికి చెప్పి మార్చండి, ఆ వారం షుగర్ తరచూ చూడండి.

సిరంజీ కూడా చూడండి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ సీసాకు ఎర్ర మూత సిరంజీ, 100 యూనిట్ల దానికి నారింజ మూతది. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీతో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు!

ఓ రెండు మూడు రాత్రులు మూడు గంటలకు అలారం పెట్టుకుని షుగర్ చూడండి. అప్పుడు తగ్గి ఉంటే రాత్రి డోసు గానీ, సాయంత్రం ఆట గానీ కారణం కావచ్చు. మూడింటికి బాగానే ఉండి పొద్దున్న పెరిగితే, తెల్లవారుజామున విడుదలయ్యే హార్మోన్ల పని అయ్యుంటుంది. రెంటికీ వైద్యం వేరు. పొద్దుటి 260 ఒక్కటే చూసి రాత్రి డోసు మీరే పెంచేస్తే మాత్రం ప్రమాదం.

70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. చాక్లెట్, పాలకోవా వద్దు, వాటిలోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. కంగారులో దొరికిందల్లా పెట్టేస్తే కాసేపటికి అదే 260 అవుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కాలేజీ బ్యాగులో గ్లూకోజు పొట్లం ఉండాల్సిందే, పక్కన కూర్చునే స్నేహితురాలికీ ఈ సంగతి తెలియాలి.

రెండు వారాల పాటు షుగర్ అంకెతో పాటు తిన్నది, ఆడింది, సూది వేసిన చోటు, నెలసరి తేదీ పాప చేతే రాయించండి. 260 రాసినందుకు తిట్లు పడితే రేపు 160 అని రాస్తుంది, అప్పుడు ఆ పుస్తకం మాకూ పనికిరాదు. డాక్టరుగారి దగ్గరకు ఆ పుస్తకం, గ్లూకోమీటర్, వాడుతున్న సిరంజీ మూడూ పట్టుకెళ్లండి. మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించి చాలాకాలమైతే అదీ చేయించండి. లోపల పాపనే మాట్లాడనివ్వండి.