జవాబుల పెట్టె: మెయిల్ గేట్‌వేలో ఏ ఫిల్టరు ముందు, ఏది వెనక?

మెయిల్ గేట్‌వే అంటే వచ్చే, పోయే మెయిళ్లను తనిఖీ చేసి వదిలే సర్వర్. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిది ఒకటే గోడు: రూలు తప్పు లేకుండా రాశాం, అయినా పని చేయడం లేదు. నాలుగింటిలోనూ రూలు బాగానే ఉంది. మెయిల్ ఆ రూలు దాకా రావడం లేదు, లేదా రాకూడని రూపంలో వస్తోంది. జవాబుల్లో సెట్టింగుల పేర్లు తెలుగులో రాశాం. ఫైల్లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో, మాటకూ మాటకూ మధ్య అండర్‌స్కోర్‌తో రాసుకోండి. సిస్కో 'స్కిప్ స్పామ్‌చెక్'లో మాత్రం అండర్‌స్కోర్ బదులు హైఫన్ ఉండాలి.

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో ఐటీ పని చూస్తాను. మాది సిస్కో మెయిల్ గేట్‌వే. ట్రాన్స్‌పోర్టు ఏజెంట్లు పంపే 'లారీ ఇండెంట్' మెయిళ్లు కొన్ని మాయమవుతున్నాయి. సబ్జెక్టులో ఆ మాట ఉంటే వదిలేయమని కంటెంట్ ఫిల్టర్ రాసి, లిస్టులో అన్నిటికంటే పైన పెట్టాను. అయినా రావడం లేదండీ.
(పాఠకుడు, కడప జిల్లా)

జవాబు: మీరు పైన పెట్టింది కంటెంట్ ఫిల్టర్ల లిస్టులో మాత్రమే. ఆ లిస్టు వంతు వచ్చేది చాలా ఆలస్యంగా. సిస్కోలో మెయిల్ వర్క్ క్యూలోకి (తనిఖీల వరుసలోకి) వచ్చాక ముందు మెసేజ్ ఫిల్టర్లు, తర్వాత యాంటీ స్పామ్, యాంటీ వైరస్, ఏఎంపీ (హానికర ఫైళ్లను పట్టేది), గ్రేమెయిల్ (ప్రచార మెయిళ్లను పట్టేది), ఆపైన కంటెంట్ ఫిల్టర్లు, చివర్లో అవుట్‌బ్రేక్ ఫిల్టర్లు (కొత్తగా వ్యాపిస్తున్న ముప్పులను ఆపేవి) నడుస్తాయి. యాంటీ స్పామ్‌లో 'పాజిటివ్' తేలినదాన్ని డ్రాప్ చేయమని పెట్టి ఉంటే కథ అక్కడికే సరి. గేటు దగ్గర వెనక్కి తిప్పిన లారీ కాటా మీదికి వస్తుందా? ఇదీ అంతే.

అనుమానం తీర్చుకోవడానికి ఒక్క మెయిల్ పట్టుకోండి. కమాండ్ లైన్లో గ్రెప్‌తో (మాటలు వెతికే కమాండు) మెయిల్ లాగ్స్‌లో పంపినవాళ్ల అడ్రసు వెతికితే ఎంఐడీ అనే నంబరు దొరుకుతుంది. ఆ నంబరుతో మళ్లీ గ్రెప్ చేస్తే దాని ప్రయాణం అంతా వరుసగా కనిపిస్తుంది. ముందుగా ఏ పాలసీకి తగిలిందో చెప్పే లైను చూడండి, తర్వాత యాంటీ స్పామ్ తీర్పు లైను, ఆఖరికి మెయిల్ ఎక్కడ ఆగిందో చెప్పే లైను. యాంటీ స్పామ్ తీర్పు దగ్గరే ఆగిపోయినట్టు ఉంటే, మెయిల్ మీ కంటెంట్ ఫిల్టర్ ముఖం చూడలేదని అర్థం. సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ మెనూలో ట్రేస్ అనే పనిముట్టు కూడా ఉంది. ఉత్తుత్తి మెయిల్ వివరాలు ఇస్తే ఏ దశలో ఏమవుతుందో చూపిస్తుంది. కానీ జరిగిపోయినదాని గురించి లాగ్ చెప్పేదే నమ్మకమైన సాక్ష్యం.

ఇక మందు. మెసేజ్ ఫిల్టర్లో 'స్కిప్ స్పామ్‌చెక్' పెట్టేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. సబ్జెక్టు మాటను నమ్మి ఆ పని చేయకండి. సబ్జెక్టు ఎవరైనా రాయొచ్చు, రేపు దొంగ మెయిల్ కూడా 'లారీ ఇండెంట్' అనే పేరుతోనే వస్తుంది. స్థిరమైన ఐపీ ఉన్న పెద్ద ఏజెంటుకైతే ఐపీని బట్టి అలా రాయొచ్చు. ఉచిత మెయిల్ వాడే చిన్న ఏజెంట్ల కోసం ఇన్‌కమింగ్ మెయిల్ పాలసీల్లో, డిఫాల్ట్‌కు పైన, వాళ్ల అడ్రసులతో వేరే పాలసీ చేయండి. అందులో యాంటీ స్పామ్ తీసేయకుండా, పాజిటివ్‌కు డ్రాప్ బదులు స్పామ్ క్వారంటైన్ (అనుమానం ఉన్న మెయిళ్లను విడిగా దాచే చోటు) పెట్టండి. డిస్పాచ్ గుమస్తా పొద్దున్నే క్వారంటైన్ ఒకసారి చూసుకుంటే చాలు. పాలసీల్లో పైనుంచి కిందికి మొదట తగిలినదే వర్తిస్తుంది కాబట్టి డిఫాల్ట్‌కు పైన ఉండడం ఒక్కటే చాలదు, మీ దగ్గర ఇప్పటికే ఉన్న విశాలమైన పాలసీలకు కూడా పైన ఉండాలి. మార్చాక, మార్పులను అమలు చేసే కమిట్ కొట్టడం మరిచిపోతే ఏమీ మారదు.

మెసేజ్ ఫిల్టర్లు రాసేవాళ్లకు మరో మాట. అవి నడిచే సమయానికి మెయిల్ ఇంకా ఒక్కటిగానే ఉంటుంది. గ్రహీతలు వేర్వేరు పాలసీల కిందికి వస్తే అది ముక్కలయ్యేది ఆ తర్వాత. అందుకే 'ఫలానా గ్రహీత ఉంటే డ్రాప్' అని మెసేజ్ ఫిల్టర్లో రాస్తే, అదే మెయిల్ అందాల్సిన మిగతా నలుగురికీ అందదు. మనిషిని బట్టి చేయాల్సిన పని కంటెంట్ ఫిల్టర్లోనే చేయాలి.

ప్రశ్న: ఇంజినీరింగ్ కాలేజీలో పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్, దాని వెనక స్పామ్, వైరస్ చూసే అమావిస్ నడుపుతున్నాం. ప్లేస్‌మెంట్లకు వచ్చే ఒక చిన్న కంపెనీ సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్టులో (స్పామ్ పంపే ఐపీల జాబితాలో) ఉంది. వాళ్ల అడ్రసుకు సెండర్ యాక్సెస్ ఫైల్లో ఓకే రాశాను. అమావిస్‌లో వాళ్ల స్కోరు కూడా తగ్గించాను. 554 ఎర్రరుతో తిప్పికొడుతూనే ఉంది.
(పాఠకురాలు, అనంతపురం)

జవాబు: అమావిస్‌ను వదిలేయండి, పాపం దాని తప్పేమీ లేదు. లాగ్‌లో ఆ రిజెక్ట్ లైను మొదట్లో 'నోక్యూ' అని ఉంటుంది చూడండి. మెయిల్‌కు ఇంకా క్యూ నంబరే పడలేదని దానర్థం. క్యూలో చేరని మెయిల్ అమావిస్‌కు వెళ్లదు.

ఆ లైన్లో 'ఆర్‌సీపీటీ ఫ్రమ్' అని కూడా ఉంటుంది. అదే మిమ్మల్ని దారి తప్పించి ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్‌ఎంటీపీడీ డిలే రిజెక్ట్ అనే సెట్టింగు మామూలుగా 'యెస్' అయి ఉంటుంది. దానివల్ల క్లయింట్ (ఎదుటి సర్వర్), హెలో (అది చెప్పుకునే పేరు), సెండర్ (పంపినవాళ్ల అడ్రసు) లిస్టులన్నీ గ్రహీత అడ్రసు చెప్పాకే చూస్తుంది. తిరస్కరించింది క్లయింట్ లిస్టయినా, లాగ్‌లో మాత్రం గ్రహీత దశలో జరిగినట్టు కనిపిస్తుంది.

ఇక ఓకే సంగతి. ఒక లిస్టులో ఓకే అంటే ఆ లిస్టు వరకే ఓకే. తర్వాతి లిస్టు మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. రిజెక్ట్ మాత్రం ఏ లిస్టులో వచ్చినా ఆఖరి మాటే. మీరు సెండర్ లిస్టులో ఓకే ఇచ్చారు, బ్లాక్‌లిస్టు చెక్ క్లయింట్ లిస్టులో ఉంది. మీ ఓకే దానికి వినపడదు. 'పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ ఎన్' (మీరు రాసిన సెట్టింగులు చూపే కమాండు) కొట్టి, బ్లాక్‌లిస్టు చూసే రిజెక్ట్ ఆర్‌బీఎల్ క్లయింట్ ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. పాత కాన్ఫిగరేషన్లలో క్లయింట్ లిస్టులోనూ రెసిపియెంట్ లిస్టులోనూ రెండుసార్లు ఉండడం మామూలే.

సరిచేసే పద్ధతి: ఒక సీఐడీఆర్ ఫైలు (ఐపీల జాబితా ఫైలు) చేసి అందులో వాళ్ల ఐపీ, పక్కన ఓకే రాయండి. ఉదాహరణకు 203.0.113.25 అనుకోండి. చెక్ క్లయింట్ యాక్సెస్ లైనును ఆర్‌బీఎల్ లైనుకు పైన, అదే లిస్టులో పెట్టండి. 'పోస్ట్‌మ్యాప్ హైఫన్ క్యూ' తో ఆ ఐపీని అడిగి ఓకే అని జవాబు వస్తోందో లేదో చూసుకుని, పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ చేయండి. హ్యాష్ ఫైలయితే మార్చిన ప్రతిసారీ పోస్ట్‌మ్యాప్ కొట్టాలి, సీఐడీఆర్ ఫైలుకు అది అక్కర్లేదు. ధైర్యం చాలకపోతే ఆర్‌బీఎల్ లైను ముందు 'వార్న్ ఇఫ్ రిజెక్ట్' చేర్చండి. రెండు రోజులు తిప్పికొట్టకుండా లాగ్‌లో మాత్రం హెచ్చరిక రాస్తుంది.

పంపిన అడ్రసుకు ఓకే ఇవ్వడం మాత్రం తీసేయండి. ఆ అడ్రసు ఎవరైనా పెట్టుకోవచ్చు. పైగా అలాంటి ఓకే రెసిపియెంట్ లిస్టులో రిజెక్ట్ అన్‌ఆత్ డెస్టినేషన్ (మనది కాని చోటికి మెయిల్ మోయనివ్వని రూలు) కంటే పైకి వెళ్తే, పాత వెర్షన్లలో మీ సర్వర్ ఊరందరి స్పామ్‌ను మోసే ఓపెన్ రిలే అయిపోయేది. 2013లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 2.10 వెర్షన్ నుంచి రిలే చెక్‌కు వేరే లిస్టు ఇచ్చింది అందుకే. మీ ఫైల్లో ఆ లిస్టు ఉందో లేదో చూడండి.

ఇవన్నీ చేశాక కూడా ఆగితే, లాగ్ లైన్లో ప్రోగ్రాం పేరు చదవండి. 'ఎస్‌ఎంటీపీడీ' బదులు 'పోస్ట్‌స్క్రీన్' అని ఉంటే, అది వీటన్నిటికంటే ముందు గుమ్మంలో కూర్చునే కాపలాదారు. దానికి మినహాయింపు పోస్ట్‌స్క్రీన్ యాక్సెస్ లిస్టులో విడిగా ఇవ్వాలి.

ప్రశ్న: మాది జిన్నింగ్ మిల్లు. బయటికి వెళ్లే ప్రతి మెయిల్ కింద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు వచ్చేలా అమావిస్‌లో ఫుటర్ పెట్టించాం. అప్పటి నుంచి బేళ్లు కొనేవాళ్ల దగ్గర మా మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి. డీకిమ్ (మెయిల్ మారకుండా వచ్చిందని చెప్పే డిజిటల్ సంతకం) ఫెయిల్ అంటున్నారు.
(పాఠకుడు, ఆదోని)

జవాబు: సంతకం చేసిన చెక్కు మీద తర్వాత అంకె దిద్దినట్టుంది. కొనేవాళ్లను మెయిల్ పూర్తి హెడర్లు పంపమనండి. ఆథెంటికేషన్ రిజల్ట్స్ లైన్లో 'బాడీ హ్యాష్ డిడ్ నాట్ వెరిఫై' అని ఉంటే ఖాయం. సంతకం ముందు పడింది, ఫుటర్ వెనక చేరింది. 'రిలాక్స్డ్' పద్ధతి పెడితే పోతుందేమో అనుకోకండి, అది ఖాళీల తేడాలను క్షమిస్తుందే గాని కొత్త లైన్లను ఒప్పుకోదు.

మామూలుగా జరిగేది ఇది: మీవాళ్లు పంపే మెయిల్ వచ్చే 587 పోర్టులో ఓపెన్‌డీకిమ్ మిల్టర్ (పోస్ట్‌ఫిక్స్‌కు తగిలించే ఫిల్టరు ప్రోగ్రాం) సంతకం చేస్తుంది, ఆపైన మెయిల్ 10024లో అమావిస్‌కు వెళ్లి ఫుటర్ తగిలించుకుని 10025లో తిరిగి వస్తుంది. అయితే సంతకాన్ని 10025కు మారుద్దామని తొందరపడకండి. బయటి నుంచి వచ్చే మెయిల్ కూడా అదే పోర్టులో 127.0.0.1 నుంచి తిరిగి వస్తుంది. మీ డొమైన్ పేరు పెట్టుకుని వచ్చిన దొంగ మెయిల్‌కు మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది.

దారులు రెండు చేయండి. 587లో వచ్చిన మెయిల్‌ను అమావిస్ 10026కు పంపి, అక్కడ 'ఒరిజినేటింగ్' పాలసీ బ్యాంకులో (మీవాళ్లు పంపే మెయిల్‌కు వర్తించే సెట్టింగుల గుంపులో) ఫుటర్ పెట్టి, 10027లో తిరిగి తీసుకోండి. ఓపెన్‌డీకిమ్‌ను 10027 సర్వీసుకే తగిలించండి, 587 దగ్గర తీసేయండి. 10027 లైన్లో రిసీవ్ ఓవర్‌రైడ్ ఆప్షన్స్ కింద 'నో మిల్టర్స్' ఉంటే అది కూడా తీయాలి, లేకపోతే సంతకమే పడదు. 'నో హెడర్ బాడీ చెక్స్' మాత్రం 10025, 10027 రెండింటిలోనూ ఉండనివ్వండి. అది లేకపోతే హెడర్ చెక్స్ (హెడర్లను చూసి మార్చే రూల్సు) ప్రతి మెయిల్‌కూ రెండుసార్లు నడుస్తాయి. బయటి నుంచి వచ్చిన మెయిల్ సబ్జెక్టు ముందు 'బయటిది' అనే ముద్ర రెండుసార్లు పడడం చూసి వైరస్ అనుకునేవాళ్లున్నారు, కారణం ఇదే.

లోపలికి వచ్చే మెయిల్‌కు వరుస తిరగబడుతుంది: ముందు డీకిమ్ సరిచూడాలి, తర్వాతే సబ్జెక్టుకు 'బయటిది' అనే ముద్ర వేయాలి.

ప్రశ్న: విత్తనాల కంపెనీలో కొత్త గేట్‌వే పెట్టాం. దాని వెనక పాత మెయిల్ సర్వర్, అందులో స్పామ్‌కు స్కోరు వేసే స్పామ్‌అసాసిన్ అలాగే ఉన్నాయి. ఇప్పుడు మంచి మెయిళ్లకు కూడా ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ తరఫున పంపడానికి అనుమతి ఉన్న ఐపీయేనా అనే చెక్) ఫెయిల్ అని స్కోరు పడుతోంది.
(పాఠకుడు, కర్నూలు)

జవాబు: పాత సర్వర్‌కు ఇప్పుడు తలుపు తడుతున్నది మీ గేట్‌వే. పంపినవాళ్ల ఎస్‌పీఎఫ్ రికార్డులో మీ గేట్‌వే ఐపీ ఎందుకుంటుంది? ఎస్‌పీఎఫ్, బ్లాక్‌లిస్టు, గ్రేలిస్టింగ్ (కొత్తవాళ్లను కాసేపాగి మళ్లీ పంపమనడం) మూడూ ఎదుటి ఐపీని చూసే చెక్‌లు కాబట్టి బయటి అంచున ఉన్న యంత్రంలోనే జరగాలి. పాత సర్వర్లో గ్రేలిస్టింగ్ ఉంటే ఈరోజే ఆపేయండి. స్పామ్‌అసాసిన్‌ను ఉంచుకోవాలనుకుంటే ట్రస్టెడ్ నెట్‌వర్క్స్, ఇంటర్నల్ నెట్‌వర్క్స్ రెండింటిలోనూ గేట్‌వే ఐపీ రాయండి. అప్పుడది రిసీవ్డ్ లైన్లలో (మెయిల్ ఏ సర్వర్ల గుండా వచ్చిందో చెప్పే హెడర్లలో) గేట్‌వేను దాటి, దానికి మెయిల్ ఇచ్చిన అసలు ఐపీని లెక్కలోకి తీసుకుంటుంది. గేట్‌వేకు లోపలి ఐపీ, బయటి ఐపీ వేర్వేరయితే రెండూ రాయాలి.