వేళ్ళకు పట్టుబడిన విద్య జోలికి పోయేముందు

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, ఆ కత్తియుద్ధాల ఆటలో పోరాట విభాగం మొత్తానికీ నిన్ను బాధ్యురాలిగా వేశారని చెప్పింది. ఆ పదవి ఏమిటో మా అక్కకు సరిగ్గా అర్థం కాలేదు గాని, జీతం ఎంతో మాత్రం రెండుసార్లు చెప్పింది. నాకు గర్వంగానే అనిపించింది. మీ అత్తయ్యను లేపి మరీ చెప్పాను. ఆ తరువాత మీ అమ్మ అన్న ఇంకో మాట గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు. "అంతా పాతబడిపోయిందటరా, పోరాటాన్ని మొదటినుంచి కొత్తగా రాస్తుందట" అంది. కొత్త ఆటను చెడగొడితే నష్టపోయేది మనం, మనకు డబ్బు పెట్టినవాళ్ళు. ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆటను చెడగొడితే, పని నుంచి అలసి వచ్చి రోజూ అందులో కూర్చునేవాళ్ళ ఇల్లు కూలగొట్టినట్టే. ఆ రెండో పని నేను ఒకసారి చేశాను. మన ఇంట్లో ఎవరికీ తెలియదు.

తేలికైన మాటలు ముందు చెప్పేస్తాను. రోజూ గంటసేపు నీ ఆట నువ్వే ఆడు; ఉద్యోగుల ఖాతాతో కాకుండా, ఏ ప్రత్యేక హక్కులూ లేని మామూలు ఖాతాతో ఆడు. శుక్రవారం సాయంత్రం సర్వర్లలోకి ఏ మార్పూ పంపకు. ఏ మార్పు చేసినా వెనక్కి తిప్పే దారి ముందే సిద్ధం చేసుకో. కత్తి దెబ్బనూ డాలు బలాన్నీ ఒకే సవరణలో, అంటే ఒకే ప్యాచ్‌లో మార్చకు, మారిస్తే ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో నీకే తెలియదు. ఇవన్నీ నీకు తెలిసినవే కనుక సాగదీయను.

ఇక నా సంగతి. 2009 ప్రాంతంలో నేను పనిచేసిన ఒక చిన్న సంస్థ, మాదాపూర్‌లో ఒక అద్దె అంతస్తులో కూర్చుని, కత్తులతో తలపడే ఆన్‌లైన్ ఆట ఒకటి నడిపేది. సంస్థ పేరు అనవసరం, ఇప్పుడది లేదు. ఆ ఆటలో పెద్ద వేటు వేశాక మనిషి మళ్ళీ నిలదొక్కుకోవడానికి 24 ఫ్రేములు పట్టేది. తెరమీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది, ఆ 60 ఫ్రేముల లెక్కన సెకనులో సగం కూడా కాదు, అయినా ఆ కాసేపూ ఎదుటివాడికి నువ్వు అప్పనంగా దొరికిపోతావు. పెద్ద వేటుకు ఆ మాత్రం ప్రమాదం ఉండాలని నేను పెట్టిన నియమం అది. అయితే కూర్చునే కదలిక రాసేటప్పుడు, మనిషి అప్పటికే వేటు మధ్యలో ఉన్నాడా అని చూసే ఒక్క షరతు రాయడం మరిచిపోయాను. దాంతో వేటు తగిలీ తగలగానే కూర్చునే కీ నొక్కి వదిలితే ఆ 24 ఫ్రేములు కాస్తా 9కి తెగిపోయేవి. నొక్కడానికి ఉన్న సందు మూడు ఫ్రేములు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు. తొందరపడితే వేటే రద్దయ్యేది, ఆలస్యమైతే మోకాళ్ళమీద ఉండగానే తల తెగేది. ఆటగాళ్ళు దీన్ని రెండు నెలల్లో పట్టేశారు. వేటు వేసి కూర్చుని లేవడం కదా, దానికి 'గుంజీ' అని పేరు పెట్టారు. మనవాళ్ళు పెట్టిన ఆ పేరునే పై దేశాల ఆటగాళ్ళు కూడా నోరు తిరగకపోయినా పలికేవారు.

రెండేళ్ళు గడిచాక, కొత్తగా చేరినవాళ్ళు పది మ్యాచ్‌లైనా ఆడకుండానే వెళ్ళిపోతున్నారని మా గ్రాఫ్ చూపించింది. వాళ్ళు చచ్చిపోయిన ప్రతి సందర్భాన్నీ లాగ్‌లలోంచి తవ్వి చూశాను. చంపినవాడు దాదాపు ప్రతిసారీ గుంజీ వేసినవాడే. దొంగ దొరికాడని సంబరపడిపోయాను. మరిచిపోయిన ఆ షరతును ఒక్క లైనులో రాసి, ప్యాచ్ నోట్స్‌లో "కూర్చునే కదలికలోని లోపాన్ని సరిచేశాం" అని ఒక్క వాక్యం పెట్టి పంపించాను. ఎవరినీ అడగలేదు, పరీక్షా సర్వర్‌లో వారం రోజులు ఉంచి చూడలేదు. నేను చేసిన తప్పును నేను దిద్దుకోవడానికి ఒకరి అనుమతి ఏమిటి అనుకున్నాను. అప్పటికి నా వయసు ఇప్పటి నీ వయసుకంటే నాలుగేళ్ళే ఎక్కువ, పొగరు మాత్రం చాలా ఎక్కువ.

ఆ రాత్రి పదకొండు గంటలకు ప్రేక్షకుడిగా సర్వర్‌లోకి వెళ్ళాను. సాధన చేసుకునే ఆవరణలో చెక్కబొమ్మ ముందు ఒకే ఒక్క ఆటగాడు ఉన్నాడు. మాకందరికీ తెలిసిన పిల్లవాడే. కొత్తవాళ్ళు ఎవరు కనబడినా పిలిచి, ఆ బొమ్మ ముందే నిలబెట్టి గుంజీ నేర్పేవాడు. ఇప్పుడు వేటు వేస్తున్నాడు, కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు. ఒకసారి రవ్వంత ముందు, ఒకసారి రవ్వంత వెనక. నెట్ నెమ్మదించిందేమోనని బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. కత్తి మార్చి చూశాడు. తన చెయ్యే తప్పుతోందనుకున్నాడు, బుజ్జీ. మేం తీసేశామన్న ఆలోచన ఆ పిల్లవాడికి తట్టనే లేదు. నలభై నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. చాట్‌లో ఒక్క మాట రాస్తే సరిపోయేది, రాయలేకపోయాను. ఆయుధాన్ని కింద పడేసే కీ ఒకటి ఆ ఆటలో ఉండేది, ఎవరూ వాడేవారు కాదు. చివరికి అది నొక్కి, కత్తిని బొమ్మ కాళ్ళ దగ్గర వదిలేసి వెళ్ళిపోయాడు.

లెక్క ఎక్కడ తప్పిందో తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆరితేరిన ప్రతివాడూ గుంజీ వేసేవాడే అయినప్పుడు, చంపినవాడి చేతిలో గుంజీ కనబడటంలో వింతేముంది? గుంజీ తీసేసినా వాళ్ళు కొత్తవాళ్ళను ఇంకో వేటుతో చంపారు. అసలు తప్పు, నిన్న చేరినవాణ్ణి రెండేళ్ళుగా ఆడుతున్నవాడి ఎదుట నిలబెడుతున్న మా మ్యాచ్‌మేకింగ్‌ది, అంటే జోడీలు కలిపే పద్ధతిది. నేను చూసిన గ్రాఫ్‌లో ఆ ముక్క లేదు. పాతవాళ్ళు తగ్గేకొద్దీ జోడీ దొరకడానికి పట్టే సమయం పెరిగింది. ఆ సమయం తగ్గించడానికి మేము నైపుణ్యపు శ్రేణులను కలిపేశాము. దాంతో కొత్తవాళ్ళకు మునుపటికంటే ఘోరమైన ప్రత్యర్థులు తగిలారు, గోరుచుట్టుపై రోకలిపోటులాగా. నేర్పేవాళ్ళు ఎటూ లేరు. పదకొండు వారాల తరువాత ఆ లైను తీసేసి గుంజీని తిరిగి ఇచ్చాము. కొందరు వచ్చి చూశారు. వేళ్ళు మరిచిపోయాయన్నారు. నా అనుమానం వేళ్ళమీద లేదు. రేపు మళ్ళీ తీసేయరని నమ్మకం ఏమిటి అన్నదే వాళ్ళ ప్రశ్న. అది అడిగేంత శ్రద్ధ కూడా అప్పటికి వాళ్ళలో మిగల్లేదు.

నువ్వు లెక్కల్లో దిట్టవు. నా భయం సరిగ్గా అక్కడే. చిన్నప్పుడు అష్టాచెమ్మా ఆడుతూ గవ్వలు ఎన్నిసార్లు ఎలా పడ్డాయో నోటుపుస్తకంలో రాసుకున్న పిల్లవి. సగటు అంకె చేతికి రాగానే దాన్ని నమ్మేస్తావు. విజయాల శాతం చూసేటప్పుడు అందరినీ ఒకే కుప్పగా పోయకు. కొత్తవాళ్ళకు వేరుగా, నడిమివాళ్ళకు వేరుగా, ఆరితేరినవాళ్ళకు వేరుగా చూడు. ఒకే ఈటె కిందివాళ్ళ దగ్గర యమపాశంలా, పైవాళ్ళ దగ్గర పుల్లలా ఉండవచ్చు. రెంటికీ కలిపి సగటు తీస్తే అంతా బాగుందని చెబుతుంది.

లోపమని కనబడిందల్లా లోపం కాదు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో, ఒక దెబ్బ వెంట విడిపించుకునే వీల్లేకుండా ఇంకో దెబ్బ కలపడం అనేది ఎవరూ అనుకుని పెట్టింది కాదు. పరీక్షించేటప్పుడు కనబడితే తీసేయకుండా ఉంచేశారు. అలా దెబ్బలు కలిపే కాంబోలు లేని ఫైటింగ్ గేమ్‌ను ఇవాళ ఊహించగలవా? 1998 నాటి ట్రైబ్స్ అనే ఆటలో కొండవాలు మీద గెంతుతూ మంచుమీద జారినట్టు జారిపోవడం కూడా అలా పుట్టిందే. తరువాతి ట్రైబ్స్ ఆటల్లో దానికోసం ఒక కీనే కేటాయించారు. వాళ్ళ స్థానంలో నేనుంటే ఆ రెంటినీ ఒక్కొక్క లైనుతో చంపేసేవాణ్ణి.

"మొదటినుంచి కొత్తగా" అన్న మాటకు వస్తాను. స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే ఆట 2003 జూన్‌లో మొదలైంది. అందులో ముప్పైకి పైగా వృత్తులు ఉండేవి, వాటిని కలుపుకుని ఎవరికి వారు తమకు నచ్చిన మనిషిని తయారు చేసుకునేవారు. 2005 ఏప్రిల్‌లో పోరాటాన్ని ఒకసారి తిరగరాశారు. అది సర్దుకోకముందే అదే ఏడాది నవంబర్‌లో మళ్ళీ తిరగరాసి, ఆ వృత్తులన్నిటినీ తొమ్మిదికి కుదించారు, గురిచూసి తుపాకీ పేల్చే ఆటగా మార్చారు. అప్పటికి రెండు వారాల క్రితమే ఆటకు అదనపు భాగంగా ఒక కొత్త విస్తరణను అమ్మారు. జంతువులను మచ్చిక చేసుకునే వృత్తివాళ్ళు దాన్ని ఆశగా కొనుక్కుంటే, వెనువెంటనే ఆ వృత్తే మాయమైంది. గోల ఎంతగా రేగిందంటే, ఆ విస్తరణ డబ్బులు తిరిగి ఇస్తామని కంపెనీ ప్రకటించవలసి వచ్చింది. ఆట 2011 డిసెంబర్ 15 దాకా ఏదో విధంగా నడిచింది గాని, వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తిరిగి రాలేదు. ఆ తిరగరాత వెనక ఉన్న ఆలోచన కూడా నాలాంటిదే సుమా: కొత్తవాళ్ళకు తేలిక చేద్దామని. రాని చుట్టం కోసం ఉన్న బిడ్డల కంచాలు ఎత్తేశారు.

రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటవాళ్ళది ఇంకా చిత్రం, ఎందుకంటే వాళ్ళు రెండుసార్లు కాలు జారి, రెండుసార్లూ లేచారు. ఆటలోని బంగారాన్ని బయట అసలు డబ్బుకు అమ్ముకునే ముఠాలను అరికట్టడానికి 2007 డిసెంబర్‌లో వైల్డర్‌నెస్ అనే అడవిలో ఒకరితో ఒకరు యథేచ్ఛగా పోరాడే వీలును తీసేశారు. జనవరిలో స్వేచ్ఛగా ఇచ్చిపుచ్చుకోవడాన్ని కూడా కట్టడి చేశారు. కారణం నిజమైనదే, దొంగలూ నిజమే. శిక్ష మాత్రం అందరికీ పడింది. ఆటగాళ్ళ ఓటు పెట్టి 2011 ఫిబ్రవరిలో రెంటినీ తిరిగి ఇచ్చారు. బుద్ధి వచ్చిందనుకుంటే, 2012 నవంబర్‌లో పోరాటాన్నే పూర్తిగా మార్చేశారు. క్లిక్ చేసి, సమయం చూసి ఆయుధం మార్చే పాత పద్ధతి పోయి, వరసగా మీటలు నొక్కే కొత్త పద్ధతి వచ్చింది. పాతవాళ్ళు విసిగి వెళ్ళిపోతుంటే, కంపెనీ ఒక పని చేసింది. ఎక్కడో దాచిన 2007 ఆగస్టు నాటి బ్యాకప్ తీసి, కావాలా అని అడిగింది. నాలుగున్నర లక్షల మంది దాకా ఓటేశారు. 2013 ఫిబ్రవరిలో ఆ పాత ఆటనే ఓల్డ్ స్కూల్ పేరుతో మళ్ళీ తెరిచారు. ముఖ్యమైన మార్పు ఏది చేయాలన్నా ముందు ఆటగాళ్ళను అడిగి, నూటికి 75 ఓట్లు పడితేనే చేస్తామని నియమం పెట్టుకున్నారు. ఆ గీతను తరువాత 70కి దించారు, అది వేరే చర్చ.

నువ్వు ఓట్లు పెట్టాలని నేననడం లేదు. ఆటగాళ్ళు తమకు నొప్పి ఎక్కడో చెప్పగలరు గాని, మందు చెప్పడం వాళ్ళ పని కాదు. పాత బ్యాకప్‌లు మాత్రం దాచు. ఈ ఉత్తరంలో నువ్వు ఇంకేదీ వినకపోయినా అది ఒక్కటి విను. సర్వర్ ప్రతినీ, దాన్ని నడిపే పనిముట్లనూ, ఆటగాళ్ళ యంత్రాల్లో ఉండే ఆనాటి క్లయింట్‌నూ కలిపి దాచు. మా గుంజీల నాటి సర్వర్ ప్రతి నా దగ్గర లేదు. ఉంటే ఇవాళ ఇంట్లోనే నడుపుకునేవాణ్ణి.

డబ్బు గురించి కూడా ఒక మాట. రేపు పై గదిలో ఎవరో ఒకరు, పదునైన కత్తిని దుకాణంలో పెడదామంటారు. 2017 నవంబర్‌లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 విడుదలకు ముందు డార్త్ వేడర్ అనే పాత్రను అందుకోవాలంటే ఆటలో సంపాదించే క్రెడిట్లు 60,000 కూడబెట్టాలన్నారు, మరోవైపు బలాన్ని పెంచే కార్డుల పెట్టెలు డబ్బుకు అమ్మారు. తిట్లు తట్టుకోలేక 15,000కి దించారు, అయినా చల్లారకపోతే విడుదలకు ముందురోజు ఆ అమ్మకాలన్నీ నిలిపేశారు. మరుసటి ఏడాది మార్చిలో కొనుగోళ్ళు వేషాలకే పరిమితమయ్యాయి. నువ్వు ఆ గదిలో ఉన్నప్పుడు, వేషాలు ఎన్నైనా అమ్ముకోండి, ఫ్రేములు అమ్మకండి అని గట్టిగా చెప్పు. కోపంగా చెప్పకు, నీ కోపం మీ నాన్న కోపమే, మాట వినబడదు, అరుపే వినబడుతుంది.

తప్పు చేయకుండా ఉండలేవు, అది నాకు తెలుసు. ఫోర్ట్‌నైట్ అనే ఆటలో 2018 డిసెంబర్‌లో ఒక మహాఖడ్గాన్ని వదిలారు, అది చేతికి దొరికినవాడికి ఎదురే లేకపోయింది. మూడు రోజుల్లో తప్పు ఒప్పుకుని తీసేశారు. దాన్ని వాడటానికి ఎవరి వేళ్ళూ ఇంకా అలవాటు పడలేదు కనుక ఎవరికీ దుఃఖం లేదు. నిన్న ఇచ్చిందాన్ని ఇవాళ తీసుకోవచ్చు. మూడేళ్ళు సాధన చేయించినదాన్ని తీసుకోవలసి వస్తే నెల ముందు చెప్పు, కారణం నీ పేరుతో రాయి, పరీక్షా సర్వర్‌లో వాళ్ళ చేతనే ఆడించు. ఆ ప్యాచ్ రాత్రి సాధన ఆవరణలోకి నువ్వే వెళ్ళు. అక్కడ ఎవరైనా ఒంటరిగా బొమ్మను కొడుతూ కనబడితే, ప్రేక్షకురాలిగా దాక్కోకుండా మాట్లాడు.

నిన్ను భయపెట్టానేమో. ఆ పదవికి నువ్వు తగవని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ఆట ఉన్న లాప్‌టాప్ తెచ్చుకో, నాకు మొదటి పది మ్యాచ్‌లు ఆడాలని ఉంది. మామయ్య కదా అని నాకు తేలికైన ప్రత్యర్థులను చూసి పెట్టకు. మీ అత్తయ్య అరిసెలు చేస్తానంటోంది, ఆ నూనె చేతులతో కీబోర్డు ముట్టుకుంటే మాత్రం ఊరుకోను.

నీ మామయ్య